నకిరేకల్ కూడలి: భూతల నిఘా విమానం పహరా పథంపై ఒక కేస్ స్టడీ

ఈ కేసులో మేం పట్టుకున్న ప్రశ్న ఇది. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై రాత్రివేళ తూర్పుకు పోతున్న ముప్పై వాహనాల సైనిక వరుస నకిరేకల్ కూడలి దగ్గర రెండుగా చీలి, ఒక భాగం నల్లగొండ, హాలియా మీదుగా నాగార్జునసాగర్ డ్యామ్ వైపు తిరిగిందనుకుందాం. 150 నుంచి 200 కిలోమీటర్ల దూరంలో ఎగురుతున్న నిఘా విమానం ఆ చీలికను పట్టుకోగలదా? పట్టుకున్నదాన్ని కింద ఉన్న దళాధిపతికి సరిగా చెప్పగలదా?

ఇది పూర్తిగా పటం మీద, కంప్యూటర్‌లో జరిపిన అభ్యాసం. సైనిక రాడార్ల సిగ్నల్ ప్రాసెసింగ్‌లో ఉద్యోగం చేసి నల్లగొండకు తిరిగివచ్చిన నేను, జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో చివరి సంవత్సరం ఎలక్ట్రానిక్స్ విద్యార్థులతో కలిసి దీన్ని చేశాను. దళాలు, వాహనాలు అన్నీ కల్పితం. నేల మాత్రం నిజమైనది. అందరికీ అందుబాటులో ఉన్న భూమి ఎత్తుల సమాచారాన్ని, రోడ్ల పటాన్ని వాడుకున్నాం. పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఎడారి ఉదాహరణలను వదిలి మన జిల్లాలను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇక్కడి ప్రతి గుట్ట, ప్రతి మలుపు ఈ పిల్లలకు తెలుసు కాబట్టి, తెర మీద వచ్చిన ఫలితం తప్పయితే వాళ్లే ముందు పసిగడతారు.

విమానం, దాని రాడార్

నమూనాగా తీసుకున్నది అమెరికా వాయుసేన, సైన్యం కలిసి నడిపిన ఈ–8సి జాయింట్ స్టార్స్ విమానం. ఆకాశంలో తిరుగుతూ ముందస్తు హెచ్చరిక ఇచ్చే అవాక్స్ విమానాలనూ, మన దేశం ఎంబ్రాయర్ విమానంపై తయారుచేసుకున్న నేత్రనూ చాలామంది దీనితో కలిపేస్తుంటారు. అవి ప్రధానంగా ఆకాశంలో ఎగిరేవాటిని చూస్తాయి, ఇది నేల మీద కదిలేవాటిని చూసేది. పాత బోయింగ్ 707 విమానం ముందు భాగంలో, పొట్ట కింద పడవ ఆకారపు కవచం, అందులో 24 అడుగుల పొడవైన ఆంటెనా ఉండేవి. ఆ ఆంటెనా విమానానికి ఒక పక్కకు 120 డిగ్రీల మేర చూస్తూ, 250 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న వాహనాల కదలికను పసిగట్టగలిగేది. కదలిక లేని చోట సింథటిక్ అపర్చర్ పద్ధతిలో, అంటే విమానం ముందుకు పోతూ సేకరించిన ప్రతిధ్వనులను కలిపి, నేల చిత్రాన్ని కూడా తీయగలిగేది. మామూలుగా విమానం నడిపే నలుగురితో పాటు వాయుసేనకు చెందిన పదిహేను మంది, సైన్యానికి చెందిన ముగ్గురు నిపుణులు అందులో కూర్చునేవారు. ఈ ముగ్గురి సంగతి తరువాత వస్తుంది. ఈ కేసులో రాడార్ ఎంత ముఖ్యమో వాళ్లూ అంతే ముఖ్యం.

ఆంటెనా అంత పొడవు ఎందుకన్నది విద్యార్థులు మొదట వేసుకున్న లెక్క. దాదాపు 3 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో 24 అడుగుల ఆంటెనా ఏర్పరిచే కిరణం 200 కిలోమీటర్ల దూరంలో సుమారు 800 మీటర్ల వెడల్పు ఉంటుంది. సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతున్న విమానం నుంచి చూస్తే నేల మొత్తం కదులుతున్నట్టే ఉంటుంది కాబట్టి, కిరణం ఎంత సన్నగా ఉంటే ఆ నేల కదలిక డాప్లర్‌లో, అంటే కదలిక వల్ల ప్రతిధ్వని పౌనఃపున్యంలో వచ్చే తేడాలో, అంత ఇరుకైన పట్టీలో ఒదిగిపోతుంది, దాని బయట మెల్లగా నడిచే వాహనం కూడా విడిగా తేలుతుంది. ఆ పట్టీలోపల పడిన వాహనం మాత్రం గుట్టలూ పొలాలతో కలిసిపోతుంది. మా అభ్యాసంలో, చూపురేఖ (విమానం నుంచి వాహనానికి గీసిన గీత) వెంబడి వాహనం వేగం గంటకు 8 కిలోమీటర్లకు తగ్గితే కనిపించదని ఒక హద్దు పెట్టుకున్నాం.

ఈ విమానానికి పేరు తెచ్చిన సందర్భం 1991 గల్ఫ్ యుద్ధం. అప్పటికి ఇంకా పరీక్షల దశలోనే ఉన్న రెండు ఈ–8ఏ విమానాలను యుద్ధానికి పంపగా, అవి 49 సార్లు ఎగిరి, 500 గంటలకు పైగా గాలిలో గడిపి, రాత్రివేళ కదిలిన ఇరాకీ వరుసల జాడను యుద్ధ విమానాలకు అందించాయి. చెట్టూ గుట్టా లేని ఆ నేల రాడార్‌కు ఎంతో అనుకూలించింది. దక్షిణ తెలంగాణ నేల అటువంటిది కాదు.

మొదటి పథం: కర్నూలు నుంచి మార్కాపురం

అభ్యాసంలో కృష్ణకు ఉత్తరాన ఉన్నది ప్రత్యర్థి ప్రాంతం, దక్షిణాన ఉన్నది మన ప్రాంతం. విమానం మన వైపునే ఉంటూ ఉత్తరానికి చూడాలి. అందువల్ల కర్నూలు, మార్కాపురం పట్టణాల మీదుగా 35 వేల అడుగుల ఎత్తులో సుమారు 130 కిలోమీటర్ల పొడవైన పహరా పథాన్ని విద్యార్థులు గీశారు. ఒక కొస నుంచి మరో కొసకు పదకొండు నిమిషాలు, కొసలో తిరగడానికి రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ. నకిరేకల్, నల్లగొండ, జడ్చర్ల అన్నీ రాడార్ పరిధిలోనే ఉన్నాయి. పరిధి వరకే చూస్తే ఈ పథంలో లోపమేమీ కనిపించదు.

అసలు విషయం రోడ్ల దిశలో ఉంది. హైదరాబాద్–బెంగళూరు రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోటల మీదుగా ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. చౌటుప్పల్ నుంచి నకిరేకల్, సూర్యాపేటల దాకా విజయవాడ రహదారి దాదాపు పడమర నుంచి తూర్పుకు పోతుంది. దక్షిణం నుంచి చూసే రాడార్‌కు బెంగళూరు రోడ్డు మీది బండి ఎదురుగా వస్తున్నట్టో దూరంగా పోతున్నట్టో ఉంటుంది, విజయవాడ రోడ్డు మీది బండి అడ్డంగా పోతున్నట్టు ఉంటుంది. డాప్లర్‌కు చూపురేఖ వెంబడి జరిగే కదలిక మాత్రమే తెలుస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నకిరేకల్ దగ్గర తూర్పుకు పోతున్న లారీని కర్నూలు కొస నుంచి చూస్తే చూపురేఖ వెంబడి దాని వేగం 22 కిలోమీటర్లు. అదే లారీని మార్కాపురం కొస నుంచి చూస్తే 4 కిలోమీటర్లు మాత్రమే. మేం పెట్టుకున్న హద్దుకు అది సగం. అంటే విమానం మార్కాపురానికి దగ్గరవుతున్న కొద్దీ నకిరేకల్ దగ్గరి లారీలు తెర మీద నుంచి ఒక్కొక్కటే మాయమవుతాయి, అక్కడ మలుపు తిరిగి చాలా దూరం వెనక్కి వచ్చిన తరువాత గానీ మళ్లీ కనిపించవు. ఈ చూపులేని వ్యవధి లెక్కకు పది నిమిషాలు దాటింది. అంతలో వరుస ఏడు కిలోమీటర్లు ముందుకు పోతుంది. వాహనానికీ వాహనానికీ మధ్య వంద మీటర్లు విడిచినా ముప్పై వాహనాల వరుస పొడవు మూడు కిలోమీటర్లే కాబట్టి, వరుస మొత్తం ఆ వ్యవధిలోనే కూడలి దాటిపోగలదు.

కూడలి దగ్గర జరిగింది

అభ్యాసం నడిపిన రాత్రి ఒక విద్యార్థిని మిషన్ కమాండర్‌గా, మరొకరు విమానంలోని సైన్యపు ప్రతినిధిగా, ఇద్దరు కింద దళాధిపతి బృందంగా కూర్చున్నారు. వరుసను నేను విడిగా నడిపించాను: ఇరవై వాహనాలు సూర్యాపేట వైపు నేరుగా పోవాలి, పది నల్లగొండ వైపు తిరగాలి. విమానం తూర్పు సగంలో ఉండగా వరుస నకిరేకల్ చేరేలా సమయం కుదిర్చాను.

నల్లగొండ నుంచి హాలియా మీదుగా సాగర్‌కు పోయే 565వ నంబరు జాతీయ రహదారి దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. మార్కాపురం కొస నుంచి చూస్తే ఆ రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్న లారీ చూపురేఖ వెంబడి 39 కిలోమీటర్ల వేగంతో కనిపిస్తుంది. విజయవాడ రోడ్డు పూర్తిగా మసకబారిన చోటి నుంచే డ్యామ్ రోడ్డు అన్నిటికన్నా స్పష్టంగా కనిపిస్తుందన్నమాట. తెర మీద జరిగింది సరిగ్గా అదే. కూడలికి పడమట ముప్పై చుక్కలు మాయమయ్యాయి. కొంతసేపటికి నల్లగొండ వైపు పది చుక్కలు ప్రకాశంగా తేలాయి. సూర్యాపేట వైపు ఒక్కటీ లేదు. మిషన్ కమాండర్ బృందం కిందికి పంపిన నివేదిక ఇది: వరుస నకిరేకల్ దగ్గర దక్షిణానికి తిరిగింది, సాగర్ వైపు వస్తోంది, మిగిలినవి వెనుక వస్తున్నాయి. దళాధిపతి తన రిజర్వు దళాన్ని హాలియాకు కదిలించాడు. విమానం వెనక్కి వచ్చి సూర్యాపేట రోడ్డు మళ్లీ కనిపించేసరికి ఇరవై వాహనాలు కూడలికి తూర్పున కిలోమీటర్ల దూరం పోయాయి.

ఆ బృందం అజాగ్రత్తగా ఉందని నేననను. చుక్కలను వాళ్లు సరిగానే లెక్కపెట్టారు, వేగాలను సరిగానే చదివారు. కనిపించిన పదింటి గురించి వాళ్లు చెప్పినదంతా నిజం. కనిపించని ఇరవై గురించి మాత్రం తెర వాళ్లకు ఏమీ చెప్పలేదు, ఆ ఖాళీని వాళ్లు కనిపించినవాటి దిశతోనే పూరించుకున్నారు. రాడార్‌తో పనిచేసే ఎవరికైనా ఎదురయ్యే అత్యంత ప్రమాదకరమైన పరిస్థితి ఇదేనని నా అభిప్రాయం. తెర మొత్తం చీకటైతే మనిషి అప్రమత్తమవుతాడు. సగం చీకటి, సగం వెలుతురు అయినప్పుడు వెలుతురు ఉన్న సగాన్నే మొత్తమని నమ్ముతాడు.

మరుసటి వారం చర్చలో సైన్యపు ప్రతినిధిగా కూర్చున్న విద్యార్థి ఒక మాట అన్నాడు: “సార్, కింద ఉన్నవాళ్లు మమ్మల్ని అడిగింది డ్యామ్ వైపు ఏమొస్తోందని. మేం ఆ ప్రశ్నకే జవాబు వెతికాం.” నిజమైన విమానంలో సైన్యానికి చెందిన ముగ్గురిని ఎందుకు కూర్చోబెట్టేవారో ఈ మాట వల్ల బాగా అర్థమవుతుంది. వాళ్ల పని చుక్కలను చూడడంతో ముగియదు. దళాధిపతి అడిగిన ప్రశ్నకు ఈ పథం నుంచి ఎంత వరకు జవాబు చెప్పగలమో, ఏ రోడ్డు గురించి ఏ నిమిషాల్లో ఏమీ చెప్పలేమో కూడా కిందికి చెప్పాలి. యుద్ధ నిర్వహణ అనే మాటలో ఆయుధాన్ని లక్ష్యానికి జతచేయడం ఒక భాగం మాత్రమే, అంతకు ముందే విమానం ఎక్కడ తిరగాలన్న నిర్ణయంతో ఆ నిర్వహణ మొదలవుతుంది.

పథాన్ని మార్చి చూసినప్పుడు

రెండో ప్రయత్నంగా పథాన్ని పడమరకు జరిపి రాయచూరు, కర్నూలు మధ్య గీశారు. ఇక్కడి నుంచి చూపురేఖ ఈశాన్యానికి ఉంటుంది కాబట్టి విజయవాడ రోడ్డు ఏ క్షణంలోనూ మసకబారలేదు. అయితే రాయచూరు కొస నుంచి హాలియా దగ్గరి డ్యామ్ రోడ్డు అడ్డంగా పడి మాయమైంది. ఒక రోడ్డును పట్టుకుంటే మరొకటి జారిపోయింది. పైగా నకిరేకల్‌కు దూరం దాదాపు 240 కిలోమీటర్లయింది, దానితో గుట్టల నీడల సమస్య ముందుకొచ్చింది.

నీడల లెక్కను కాస్త వివరంగా చెప్పాలి. భూమి వంపును కలుపుకుంటే, 35 వేల అడుగుల ఎత్తు నుంచి 100 కిలోమీటర్ల దూరంలో కిరణం నేలను సుమారు ఐదున్నర డిగ్రీల కోణంలో తాకుతుంది. 150 కిలోమీటర్ల దగ్గర ఆ కోణం మూడున్నర డిగ్రీలు, 250 దగ్గర ఒకటిన్నర డిగ్రీ. చుట్టుపక్కల నేల కంటే 200 మీటర్లు లేచిన గుట్ట వెనుక పడే నీడ మొదటి చోట రెండు కిలోమీటర్లయితే, రెండో చోట మూడు కిలోమీటర్లు దాటుతుంది, మూడో చోట ఏడున్నర కిలోమీటర్లవుతుంది. నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న గుట్టలు, దేవరకొండ వైపు రాతి కొండలు, రాచకొండ వరుసలు చూడడానికి పెద్దవి కావు గానీ అంత తక్కువ కోణంలో వచ్చే కిరణానికి అవి చాలినంత అడ్డు. ఈ నీడలను పటం మీద నల్లగా నింపి చూపించినప్పుడు, నల్లగొండ చుట్టూ ఏ ఊరి రోడ్డు ఏ గుట్ట చాటున పడుతుందో విద్యార్థులు పేర్లతో సహా చెప్పారు.

మూడో పథంగా కర్నూలు, నంద్యాల మధ్య 60 కిలోమీటర్ల చిన్న గీత గీశారు. దాని ఏ బిందువు నుంచి చూసినా విజయవాడ రోడ్డు, డ్యామ్ రోడ్డు, బెంగళూరు రోడ్డు మూడూ మా హద్దుకు పైనే నిలిచాయి. నంద్యాల కొస నుంచి నకిరేకల్ దగ్గరి లారీకి దాదాపు 12 కిలోమీటర్ల వేగం దక్కింది, అది బొటాబొటీగా సరిపోయే అంకె. దీనికీ మూల్యం ఉంది. పథం చిన్నదైతే తిరగడం ఎక్కువవుతుంది. విమానం ఒరిగి తిరుగుతున్నప్పుడు పక్కకు చూసే రాడార్ చూపు చెడిపోతుంది. మొదటి పథంలో మొత్తం సమయంలో ఆరో వంతు మలుపులకు పోతే, ఈ పథంలో మూడో వంతుకు దగ్గరగా పోయింది. అయినా ఇదే మేలని తేల్చాం. మలుపులో పోయే రెండు నిమిషాలు ముందే తెలిసినవి, అన్ని రోడ్లకూ ఒకేలా వర్తించేవి. వాటిని కింద ఉన్నవాళ్లకు గడియారం చూసి చెప్పవచ్చు. ఒక రోడ్డును చూపించి మరో రోడ్డును దాచే పది నిమిషాల కంటే అవి ఎంతో నయం.

దీనితో పాటు తెర రూపాన్ని కూడా మార్చాం. విమానం ఉన్న చోటును బట్టి, ప్రతి రోడ్డు ముక్కపైనా 40 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఆ క్షణంలో కనిపిస్తుందా లేదా అన్నది ఎప్పటికప్పుడు లెక్కకట్టి, కనిపించని ముక్కలకు బూడిద రంగు వేయించాం. అదే వరుసను, అదే మొదటి పథంతో వేరే బృందానికి మళ్లీ ఇచ్చినప్పుడు, వాళ్ల నివేదికలో ఈసారి మూడు వాక్యాలున్నాయి: పది వాహనాలు నల్లగొండ వైపు వస్తున్నాయి, ఇరవై ఎక్కడున్నాయో చెప్పలేం, సూర్యాపేట రోడ్డు ఇంకో ఆరు నిమిషాలు మాకు కనిపించదు. దళాధిపతి రిజర్వును కదిలించకుండా ఆరు నిమిషాలు ఆగాడు.

ఆయకట్టులో చైన్ హార్వెస్టర్లు

అభ్యాసం మధ్యలో మిర్యాలగూడకు చెందిన ఒక విద్యార్థిని లేవనెత్తిన అంశం మా పథకంలో లేదు, కానీ ఇక్కడ నమోదు చేయదగ్గది. చక్రాల వాహనాన్నీ గొలుసు పట్టాల వాహనాన్నీ డాప్లర్ పోకడతో వేరుచేయవచ్చని నేను చెబుతున్నాను: పట్టా పైభాగం వాహనం వేగానికి రెట్టింపు వేగంతో కదులుతుంది, నేలను ఆనిన భాగం నిలిచి ఉంటుంది, అందువల్ల ట్యాంకు ప్రతిధ్వని లారీ ప్రతిధ్వని కంటే వెడల్పుగా పరచుకుంటుంది. ఆమె వెంటనే, యాసంగి వరికోతల్లో సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు అంతా చైన్ హార్వెస్టర్లే తిరుగుతుంటాయి కదా, వాటి సంగతేమిటని అడిగింది. తడి మడిలో దిగబడకుండా గొలుసు పట్టాలతో నడిచే ఆ యంత్రాలు ఈ లక్షణం దృష్టిలో ట్యాంకుకు దగ్గరి చుట్టాలే. ఆ పైన, కోతల కాలంలో రాత్రంతా మిర్యాలగూడ రైస్ మిల్లుల వైపు వడ్ల ట్రాక్టర్లు, లారీలు బారులు కట్టి పోతాయి. ఆ బారులను కాన్వాయ్‌గా పొరబడడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి.

దీనికి జవాబుగా మేం రాసుకున్నవి యంత్రంతో కాకుండా ఊరి అలవాట్లతో ముడిపడినవి. హార్వెస్టర్ ఒక మడిలో అటూ ఇటూ తిరుగుతుంది, రోడ్డు ఎక్కితే తరచు లారీ మీదే ఎక్కుతుంది. వడ్ల బండ్ల మధ్య దూరం ఇష్టం వచ్చినట్టు ఉంటుంది, దారిలో కాంటా దగ్గర ఆగుతాయి, మిల్లు గేటు దగ్గర నిలిచిపోతాయి. సైనిక వరుస దూరాన్నీ వేగాన్నీ పాటిస్తుంది. ఒక చుక్కను ఒక్క క్షణం చూసి ఏమీ తేల్చలేం. దాన్ని అరగంట వెంబడిస్తే ఆ నడకే దాని పనిని చెబుతుంది. విమానంలో కూర్చున్నవారికి ఆ నేల మీది పంటల కాలం, సంత రోజులు, మిల్లుల వేళలు తెలిసి ఉండాలన్న షరతును అభ్యాస పత్రంలో చేర్చాం. రాడార్ గుర్తించిన చోటు ఎంత కచ్చితమో సరిచూసుకోవడానికి బీబీనగర్–నడికుడి రైలు మార్గాన్ని వాడవచ్చన్నది కూడా ఆ చర్చలోనే వచ్చిన మంచి ఆలోచన. రైలు పట్టాల మీదే ఉండాలి కాబట్టి, దాని చుక్క పట్టాలకు ఎంత పక్కకు పడిందో చూస్తే దిశలోని పొరపాటు తెలిసిపోతుంది.

నల్లమల అంచు

ఏ పథమూ జవాబు చెప్పలేని చోటు ఒకటి మిగిలింది. అచ్చంపేట దాటి మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అమ్రాబాద్ అడవిలో సాగే శ్రీశైలం రోడ్డు మీద 3 సెంటీమీటర్ల తరంగం ఆకులను దాటి కిందికి పోదు. కృష్ణ లోయ దగ్గర కొండ నీడ దానికి తోడవుతుంది. 1999లో కొసావోలో ఇదే విమానానికి కొండలు, అడవి, విడివిడిగా దాగిన వాహనాలు పెద్ద అడ్డంకులయ్యాయి. మా పటంలో మన్ననూరు నుంచి దోమలపెంట దాకా ఆ రోడ్డును శాశ్వతంగా బూడిద రంగులోనే ఉంచి, రెండు కొసల్లో వాహనాలు ఎప్పుడు లోపలికి పోయాయి, ఎప్పుడు బయటికి వచ్చాయి అన్నది మాత్రమే నమోదు చేయాలని నిర్ణయించాం.

ఈ–8సి 2023లో విధుల నుంచి తప్పుకుంది. బ్రిటన్ వాడిన ఇలాంటి విమానం సెంటినెల్ అంతకు ముందే, 2021లో ఆగిపోయింది. పాతబడిన విమానాలు, వాటిని దూరం నుంచే కూల్చగల క్షిపణులు, ఉపగ్రహాల మీద పెరిగిన నమ్మకం ఇందుకు కారణాలుగా చెబుతారు. ఉపగ్రహం నిటారుగా చూస్తుంది కాబట్టి నల్లగొండ గుట్టల నీడలు కుదించుకుపోతాయి, అది నిజమైన లాభం. కానీ నకిరేకల్ కూడలిని చూడడానికి ఏ కోణం కావాలో ఆ రాత్రి అక్కడికక్కడ ఎంచుకుని పథాన్ని జరిపే వీలు దానికి ఉండదు, అది దాటిపోయాక మరొకటి రావాలి. అందుకే తరువాతి విద్యార్థుల బృందానికి ఇదే వరుసను, ఇదే కూడలిని ఉపగ్రహాల గుంపుతో పరిశీలించమని ఇచ్చాను. బూడిద రంగు పటం నియమం మాత్రం అలాగే ఉంచాం. రెండు ఉపగ్రహాల రాకల మధ్య ఉన్న ఖాళీకి కూడా అదే రంగు వేయాలి.